పరాయి నేల మీద సైన్యం ఉండాలా, తిరిగి రావాలా: ఈ చర్చను నడిపే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్లలో తెలుగువాళ్లు ఉగాదికో, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజైన ఆగస్టు 29కో పిల్లలకు చర్చాపోటీలు పెట్టడం ఎప్పటినుంచో ఉంది. పల్లె మేలా పట్నం మేలా, సెల్‌ఫోను వరమా శాపమా వంటి విషయాలే ఎక్కువగా ఇస్తారు. వాటితో గొంతు, జంకు లేకుండా నిలబడటం అలవడతాయి కానీ, ఎదుటివాడి మాటలోని బలాన్ని తూచి తన మాటను సవరించుకునే అలవాటు రాదు. అందుకే కొన్నేళ్లుగా ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకు నేను వేరే విషయం ఇస్తున్నాను. ఒక దేశపు సైన్యం మరో దేశపు నేల మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయినప్పుడు, అది కొనసాగాలా, ముగియాలా? ఈ చర్చను ఎలా నడపాలో, ఎక్కడెక్కడ చెడిపోతుందో, నాకు అనుభవం మీద తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

ఇది మన ప్రాంతానికి దూరపు విషయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మహేంద్రతనయ దాటితే వచ్చే శ్రీకాకుళం జిల్లాలోనూ, ఇటు గంజాం, గజపతి జిల్లాల్లోనూ సైన్యానికి మనుషులను పంపిన ఇళ్లు చాలా ఉన్నాయి. గోపాలపురం తీరాన వైమానిక రక్షణ దళాల శిక్షణ కళాశాల ఉంది. మీరు పెట్టే సభలో ముందు వరుసలో కూర్చునేవారిలో ఒకరిద్దరైనా మిలటరీ నుంచి పెన్షన్‌కు వచ్చినవారు ఉంటారు. పైగా, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి, పట్టణం ఇటు, కొన్ని గ్రామాలు అటు అయ్యాయి. అది సైనిక ఆక్రమణ కాదు, దానితో పోల్చడం తప్పు కూడా. అయినా ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్లు గీసిన గీత తమ వీధి మీదుగా వెళితే ఎలా ఉంటుందో మన తాతల తరం చూసింది. ఆ ఇళ్ల పిల్లలు ఈ చర్చలో అక్కడి జనాన్ని మరచిపోకూడదని నా పట్టుదల.

తీర్మాన వాక్యంలో ఏ మాట వాడాలి

సగం చర్చ తీర్మాన వాక్యం రాసేటప్పుడే చెడిపోతుంది. తెలుగు పత్రికల్లో ఆక్రమణ అనగానే మనకు గుర్తుకొచ్చేది చెరువు గర్భంలో వేసిన ఇల్లు, కాలువ మీద కట్టిన దుకాణం. అంటే ఆ మాట వినగానే నేరం జరిగిపోయినట్టు, మిగిలింది కూల్చడమే అన్నట్టు వినిపిస్తుంది. దురాక్రమణలో ఆ తీర్పు మొదటి అక్షరంలోనే ఉంది. విముక్తి అన్నా అంతే, అది రెండోవైపు తీర్పు. తీర్మానంలో ఈ మూడు మాటలనూ వాడకుండా, ఫలానా దేశంలో ఉన్న ఫలానా దేశపు సైన్యం అని తేటగా రాయండి. ఆక్రమణ అనవచ్చునా లేదా అన్నది పక్షాలు తేల్చుకోవలసిన సంగతి.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు ఉంది. బడిలో ఒడియా చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఆలోచనను ఒడియా మాటతో మొదలుపెట్టి తెలుగు మాటతో ముగిస్తారు. ఒడియాలో దఖల్ అంటే స్వాధీనంలో ఉంచుకోవడం, జబర్‌దఖల్ అంటే బలవంతంగా ఆక్రమించుకోవడం. తెలుగులో దఖలు పరచడమంటే దస్తావేజు రాసి హక్కు అప్పగించడం. ఒకసారి ఒక అమ్మాయి ఇరాక్ అమెరికాకు దఖలు పడిందని అన్నప్పుడు ఆమె ఉద్దేశించింది బలవంతపు స్వాధీనాన్ని, ఎదుటి పక్షం విన్నది చట్టబద్ధమైన అప్పగింతను. పది నిమిషాలు ఇద్దరూ ఒకే మాట మీద రెండు వేరు వేరు వాదనలు చేసుకున్నారు. ఖండన కూడా అలాంటిదే. తెలుగులో ఒక చర్యను తప్పుపట్టడాన్ని ఖండించడం అంటాం, హిందీ, ఒడియా వాడుకలో ఆ మాట వాదనను తిప్పికొట్టడాన్ని సూచిస్తుంది.

ఇది పిల్లల తడబాటు మాత్రమే అనుకోవద్దు. 2003 ఏప్రిల్‌లో ఇరాక్ మీద జరిగిన దాడి గురించి మన పార్లమెంటు తీర్మానం చేసినప్పుడు ఎంత గట్టి మాట వాడాలన్న దానిపైనే ప్రభుత్వానికీ, ప్రతిపక్షాలకూ మధ్య బేరం నడిచింది. చివరికి హిందీలో నిందా అన్న మాట దగ్గర అందరూ ఒప్పుకున్నారు, ఇంగ్లీషు పాఠంలో మాత్రం దానికి కొంచెం మెత్తటి మాట పడింది. తెలుగులో నింద అంటే లేనిపోని ఆరోపణ అన్న ఛాయ కూడా ఉంటుంది. కాబట్టి చర్చకు వారం ముందే రెండు పక్షాలనూ కూర్చోబెట్టి, పది పన్నెండు ముఖ్యమైన మాటలకు తెలుగు అర్థాలు ఒక కాగితం మీద రాయించి, రెండు పక్షాల చేతా సంతకం పెట్టించండి. చేతి కాగితాల మీద ఒడియా లిపిలో రాసుకున్నా అభ్యంతరం పెట్టకండి. చదివేది ఏ లిపి అయినా పలికేది తెలుగు అయితే చాలు. పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా ఉండి జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడిన గిడుగువారి పేరుతో జరిపే సభలో, నోరు తిరగని గ్రాంథికాన్ని పిల్లల మీద రుద్దడం ఆయనకు చేసే గౌరవం కాదు.

ఇక చట్టం వైపు. 1907 నాటి హేగ్ నిబంధనల్లో 42వ నిబంధన ప్రకారం, ఒక భూభాగం నిజంగా శత్రుసైన్యం అధికారం కిందికి వచ్చినప్పుడు అది ఆక్రమిత ప్రాంతమవుతుంది. వెళ్లిన సైన్యం ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది ఆ నిర్వచనంలో లేదు. 43వ నిబంధన ఆ సైన్యం మీద బరువు పెడుతుంది: శాంతిభద్రతలను నిలబెట్టాలి, తప్పనిసరి అయితే తప్ప అక్కడి చట్టాలను మార్చకూడదు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం, జనానికి తిండి, మందులు అందేలా చూడడాన్ని ఆక్రమించినవారి బాధ్యత చేసింది, తమ పౌరులను తెచ్చి అక్కడ స్థిరపరచడాన్ని నిషేధించింది. ఈ మూడు సంగతులు తెలియకుండా ఎవరినీ వేదిక ఎక్కించకండి. అక్కడి ప్రభుత్వమే పిలిస్తే వెళ్లిన సైన్యమూ, ఐక్యరాజ్య సమితి పంపిన శాంతి దళమూ చట్టం దృష్టిలో వేరు అన్నది కూడా చెప్పండి. అయితే పిలిచిన ప్రభుత్వానికి ఆ అధికారం ఎక్కడిది అని అడిగే హక్కు ఎదుటి పక్షానికి ఎప్పుడూ ఉంటుంది.

తేదీ కట్టు

ఈ రాతలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఈ భాగాన్ని గుర్తుంచుకోండి. సైనిక ఆక్రమణ కొనసాగాలా అన్న సాధారణ ప్రశ్న మీద మంచి చర్చ జరగదు. ఒక దేశాన్నీ, ఒక తేదీనీ ఎంచుకుని, వక్తలందరూ ఆ తేదీ నాడు నిలబడినట్టే మాట్లాడాలని నియమం పెట్టండి. ఆ తర్వాత జరిగిన ఏ సంగతినీ ఎవరూ ఎత్తకూడదు. మేము దీన్ని తేదీ కట్టు అంటాం. తర్వాత ఏం జరిగిందో తెలిసినవాడు వివేకవంతుడిలా కనిపించడం సులువు. తెలియని చీకట్లో నిర్ణయం తీసుకోవలసినవాడి బాధ్యత ఎలాంటిదో ఈ కట్టు నేర్పుతుంది.

నేను ఎక్కువసార్లు వాడిన తేదీ 2007 జనవరి 11. విషయం ఇరాక్‌లోని అమెరికా సైన్యం. ఆ తేదీ ఎందుకంటే, దానికి ముందు అయిదు వారాల్లోనే రెండు ఎదురెదురు సలహాలు బహిరంగంగా వచ్చాయి. 2006 డిసెంబర్ 6న అమెరికా రాజకీయ నాయకులు జేమ్స్ బేకర్, లీ హామిల్టన్ నాయకత్వంలో ఇరాక్ పరిస్థితిని పరిశీలించిన అధ్యయన బృందం, 2008 మొదటి మూడు నెలలు ముగిసేలోగా పోరాట దళాలను చాలావరకు వెనక్కి రప్పించవచ్చునని, పొరుగున ఉన్న ఇరాన్, సిరియాలతోనూ మాట్లాడాలని చెప్పింది. 2007 జనవరి 10న అధ్యక్షుడు బుష్ అందుకు భిన్నంగా మరో 20,000 మందికి పైగా సైనికులను పంపుతున్నట్టు ప్రకటించారు. అంటే రెండు పక్షాలకూ ఆ రోజుల నాటి వాదనలే సిద్ధంగా దొరుకుతాయి, కల్పించుకోనక్కర లేదు.

ఆ తేదీకి చేరేలోపు జరిగినవి పిల్లలకు వరుసగా తెలియాలి. 2003 మార్చిలో దాడి మొదలైంది. మే 22న భద్రతామండలి 1483వ తీర్మానం అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమిత శక్తులుగానే గుర్తించింది. ఆ మరునాడే అక్కడి అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ ఇరాక్ సైన్యాన్ని రద్దు చేయడంతో, ఆయుధం పట్టడం తప్ప వేరే పని తెలియని లక్షల మంది ఒక్కసారిగా జీతం లేక వీధిన పడ్డారు. 2004 జూన్ 28న అధికారాన్ని ఇరాకీల మధ్యంతర ప్రభుత్వానికి అప్పగించారు. 2005లో ఎన్నికలు జరిగాయి, రాజ్యాంగం మీద ఓటింగు జరిగింది. 2006 ఫిబ్రవరి 22న సమారాలో షియాలకు పవిత్రమైన అస్కరీ దర్గా గుమ్మటాన్ని పేల్చివేశాక షియా, సున్నీ వర్గాల మధ్య హత్యాకాండ చెలరేగింది. ఆ నవంబర్‌లో ఇరాక్ ప్రభుత్వం కోరిక మీదే భద్రతామండలి 1723వ తీర్మానంతో విదేశీ సైన్యాలకు మరో ఏడాది గడువిచ్చింది.

ఈ వరుసలోనే మొదటి గట్టి తగవు ఉంది. కాగితం మీద చూస్తే 2004 జూన్‌తో ఆక్రమణ ముగిసింది, 2007 నాటికి అక్కడున్నది పిలుపు మీద ఉన్న సైన్యం. కానీ తలుపు తన్ని ఇంట్లోకి వచ్చే సైనికుడు అదే యూనిఫారంలో ఉన్నప్పుడు, బాగ్దాద్ ఇల్లాలికి ఆ కాగితం వల్ల ఏం మారిందని ముగింపు పక్షం అడగాలి. ఇరాకీలే ఎన్నుకున్న ప్రభుత్వం ఉండమంటే, పొమ్మనడానికి మీరెవరని కొనసాగింపు పక్షం అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ ఎదురుబొదురుగా నిలబడిన క్షణాన పిల్లల ముఖాలు మారడం నేను చూశాను. అప్పటిదాకా బట్టీ పట్టినది చెప్పినవాళ్లు అప్పుడు ఆలోచించడం మొదలుపెడతారు.

మన దేశాన్ని కూడా అమెరికా అప్పట్లో సైన్యం పంపమని అడిగిందని, దాదాపు ఒక డివిజన్ బలగాన్ని కోరిందని, 2003 జూలై 14న వాజపేయి ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపలేమని చెప్పిందని తప్పక చెప్పండి. పంపి ఉంటే వెళ్లినవారిలో మన జిల్లాల మనుషులు ఉండేవారా అని ఆలోచించిన పిల్లవాడు ఇరాక్‌ను ఇక పరాయి సంగతిగా చూడడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917 మార్చి 11న బాగ్దాద్‌లోకి అడుగుపెట్టిన బ్రిటిష్ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. తాము గెలుచుకోవడానికి కాదు, విడిపించడానికి వచ్చామని అప్పుడూ ఆ సైన్యాధిపతి జనరల్ మాడ్ ప్రకటించాడు. మూడేళ్లు తిరిగేసరికి, 1920లో ఇరాకీలు తిరగబడ్డారు.

వాదనలను ఎలా సిద్ధం చేయించాలి

కొనసాగింపు పక్షం ఎప్పుడూ జపాన్‌ను ఎత్తుకుంటుంది. 1945లో మొదలైన ఆక్రమణ 1952 ఏప్రిల్ 28న ముగిసింది, ఆ తర్వాత జపాన్ ఏమైందో అందరికీ తెలుసు. ఆ మొదటి రోజుల్లో అక్కడి కామన్వెల్త్ దళాల్లో తిమ్మయ్యగారి నాయకత్వంలో భారతీయ బ్రిగేడ్ కూడా ఉంది. ఈ ఉదాహరణ వాడనివ్వండి, కానీ తేడాలను కూడా వాళ్ల చేతే రాయించండి. జపాన్ ప్రభుత్వమే లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది, చక్రవర్తి మాట ప్రకారం సైనికులు ఆయుధం దించారు, గుమాస్తా నుంచి పోలీసు దాకా పాలనాయంత్రం చెక్కుచెదరకుండా పనిచేసింది. ఇరాక్‌లో ఆ యంత్రాన్ని వచ్చినవాళ్లే విరగ్గొట్టారు. పోలికలోని తేడాను తానే ముందుగా చెప్పి, అయినా తన వాదన ఎందుకు నిలుస్తుందో చూపిన వక్తకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

కొనసాగింపు పక్షానికి అసలు బలం జపాన్‌లో లేదు, 43వ నిబంధనలో ఉంది. ఇల్లు కూల్చినవాడు శిథిలాలు తీయకుండా వెళ్లిపోవచ్చా అన్న ప్రశ్న అది. సైన్యానికి దుబాసీలుగా, గుమాస్తాలుగా పనిచేసినవాళ్లు, ఆ నీడలో బడికి వెళ్లిన ఆడపిల్లలు, తక్కువ సంఖ్యలో ఉన్న మతస్థులు, వీళ్లకు ఇచ్చిన మాట ఏమవుతుందని ఆ పక్షం అడగాలి. దీనికి ముగింపు పక్షం తప్పించుకునే జవాబు చెప్పనివ్వకండి.

ముగింపు పక్షం సాధారణంగా ఖర్చులతో, చనిపోయిన సైనికుల లెక్కతో మొదలుపెడుతుంది. అది బలమైన వాదనే గానీ, వెళ్లిన దేశం లాభనష్టాల వాదన మాత్రమే. అంతకన్నా లోతైనది ఇంకొకటి ఉంది: పరాయి సైన్యం ఉన్నంతకాలం అక్కడి పాలకుడు తన జనానికి జవాబు చెప్పడు, తనను కాపాడేవాడికే చెబుతాడు. తిరుగుబాటుదారుకు కొత్తవాళ్లను చేర్చిపెట్టేది కూడా ఆ సైన్యం ఉనికే. దీనికి ఎదుటి పక్షం కంబోడియాను చూపించవచ్చు. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం రాజధాని నాంపెన్‌లోకి వెళ్లి, అక్కడి పాలకులైన ఖ్మేర్ రూజ్ సాగిస్తున్న మారణహోమాన్ని ఆపింది, తర్వాత 1989 సెప్టెంబర్ దాకా అక్కడే ఉంది. మొదటి పని ప్రాణాలు నిలిపింది కనుక తర్వాతి పదేళ్లు కూడా సరైనవేనా? వెళ్లడం న్యాయమా అన్నదీ, ఉండడం న్యాయమా అన్నదీ రెండు వేరు ప్రశ్నలని పిల్లలకు తెలియజెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1971 డిసెంబర్ 16న ఢాకాలో గెలిచిన మన సైన్యం 1972 మార్చికల్లా తిరిగి రావడాన్ని దీని పక్కన పెట్టి చూపించండి. అయితే అక్కడ అధికారం అందుకోవడానికి జనం ఆమోదం ఉన్న నాయకత్వం సిద్ధంగా ఉందన్న సంగతి దాచకూడదు.

వెళ్లిపోవడం అంటే ఒకే రకం పని కాదన్నది చాలామంది వక్తలు పట్టించుకోని సంగతి. సోవియట్ సైన్యం 1988 ఏప్రిల్ 14న అఫ్గానిస్తాన్ గురించి జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం దశలవారీగా కదిలి, 1989 ఫిబ్రవరి 15న అఫ్గానిస్తాన్ దాటింది. అది నిలబెట్టిన నజీబుల్లా ప్రభుత్వం నెలల్లో పడిపోతుందని చాలామంది అనుకున్నా 1992 ఏప్రిల్ దాకా నిలిచింది. డబ్బు, ఆయుధం, ఇంధనం మాస్కో నుంచి వస్తూనే ఉన్నాయి. సోవియట్ యూనియన్ పోయి ఆ సరఫరా ఆగాకే అది కూలింది. అమెరికా విషయానికి వస్తే, 2020 ఫిబ్రవరి 29న దోహాలో తాలిబాన్‌తో కుదిరిన ఒప్పందంలో కాబూల్ ప్రభుత్వానికి చోటే లేదు. 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. అమెరికా చివరి విమానం లేచింది ఆగస్టు 30న, అంటే నిలబెట్టిన ప్రభుత్వం కూలిన రెండు వారాలకు. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే, సైన్యం ఎప్పుడు వెళ్లాలి అన్నదానితో పాటు ఒప్పందం ఎవరితో, జీతాలు ఎవరిస్తారు, ఆయుధాల మరమ్మతు ఎవరు చేస్తారు అన్న ప్రశ్నలకు ముగింపు పక్షం జవాబు సిద్ధం చేసుకోక తప్పదు. కొనసాగింపు పక్షం ఎన్నాళ్లు, ఏం సాధించాక అన్నది తేల్చి చెప్పాలి. గడువు చెప్పని కొనసాగింపునూ, మరునాటి ఏర్పాటు చెప్పని ముగింపునూ నేను సగం వాదనగానే లెక్కిస్తాను.

అంకెల గురించి ఒక జాగ్రత్త. చనిపోయిన సైనికుల సంఖ్య ఒక్కొక్కరి పేరుతో సహా దొరుకుతుంది. అక్కడి పౌరుల సంఖ్య ఎవరు లెక్కించారన్న దాన్నిబట్టి మారిపోతుంది. కచ్చితంగా తెలిసిన చిన్న అంకె, సరిగా తెలియని పెద్ద అంకెను కమ్మేయకుండా చూడండి. ఏ అంకె చెప్పినా అది ఎవరి లెక్క, ఏ ఏడాది లెక్క అన్నది అదే వాక్యంలో చెప్పాలని నియమం పెట్టండి.

ఆ నేల మనిషి

రెండు పక్షాలకూ చెందని ఇద్దరు పిల్లలను ఆ దేశపు మనుషుల తరఫున మాట్లాడటానికి ఎంచుకోండి. ఒక్కరైతే చాలదు. ఒక్కరినే పెడితే ఆ దేశమంతా ఒకే గొంతుతో మాట్లాడుతుందన్న భ్రమ కలుగుతుంది. 2007 ఇరాక్ చర్చలో ఒకరు ఎర్బిల్‌లోని కుర్దు ఉపాధ్యాయుడు, మరొకరు ఫలూజాలో ఇల్లు కోల్పోయిన స్త్రీ అనుకోండి. సద్దాం చేతిలో తన వాళ్లను పోగొట్టుకున్న కుర్దుకు అమెరికా సైనికుడు ఒకలా కనిపిస్తాడు, 2004లో రెండుసార్లు యుద్ధం చూసిన ఫలూజా స్త్రీకి ఇంకోలా కనిపిస్తాడు. వీళ్లకు వాదించే హక్కు ఉండదు. మొదటి విడత ప్రసంగాలు ముగిశాక ఒక్కొక్కరు మూడు ప్రశ్నలు అడుగుతారు, రెండు పక్షాలూ వాటికి నేరుగా జవాబివ్వాలి. ఈ పాత్రకు మీ దగ్గరున్న వారిలో ఎక్కువ చదివిన పిల్లలను పెట్టండి, మిగిలినవారిని కాదు. తూర్పు తిమోర్‌లో 1999 ఆగస్టు 30న అక్కడి జనాన్నే అడిగితే 78 శాతానికి పైగా స్వాతంత్ర్యం వైపు ఓటేశారు. అంతకు ముందు, ఇండోనేసియా సైన్యం అక్కడున్న ఇరవై నాలుగేళ్లూ, ఇండోనేసియాలో, ఐక్యరాజ్య సమితిలో వారి గురించి ఎక్కువగా ఇతరులే మాట్లాడుతూ వచ్చారు. ఇది చెబితే ఆ కుర్చీలు ఎందుకు వేశామో పిల్లలకు అర్థమవుతుంది.

సభలో

కొన్నేళ్ల క్రితం నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. శ్రీలంకలోని భారత శాంతి పరిరక్షక దళం మీద చర్చ పెట్టాను. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందంతో వెళ్లిన దళం అది. తమిళ సాయుధ వర్గాల చేత ఆయుధాలు దింపించడానికి వెళ్లి, అక్టోబర్‌కల్లా జాఫ్నాలో వాటిలో ఒకటైన తమిళ పులులతో (ఎల్‌టీటీఈతో) యుద్ధం చేయవలసి వచ్చింది. 1989 జూన్‌లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస జూలై నెలాఖరుకల్లా వెళ్లిపొమ్మన్నాడు. చివరి దళం 1990 మార్చి 24న తిరిగి వచ్చేసరికి మనవాళ్లు సుమారు 1,200 మంది చనిపోయారు. పిలుపు మీద వెళ్లిన సైన్యం, పిలిచినవాళ్లే పొమ్మన్నా వెంటనే రాకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నకు ఇంత దగ్గరి ఉదాహరణ లేదు. చర్చ బాగానే సాగుతుండగా ఒక అబ్బాయి ఆవేశంలో, వాళ్లంతా ఊరికే చచ్చారు అన్నాడు. ముందు వరుసలో ఉన్న ఒక సుబేదారు గారు లేచి నిలబడి, "బాబూ, మమ్మల్ని ఎల్లమన్నదీ ఒక కాయితమే, వచ్చీమన్నదీ ఒక కాయితమే. ఆ రెండు కాయితాల గురించి ఎంతయినా అను. ఊరికే చచ్చారన్న మాట మాత్రం మా వాళ్లమ్మల ముందు అనీకు" అని చెప్పి కూర్చున్నారు. అబ్బాయి ఏడ్చాడు. తప్పు అతనిది కాదు, నాది. నిర్ణయాన్ని విమర్శించడానికీ, దాన్ని మోసిన మనిషిని తక్కువ చేయడానికీ మధ్య గీత ఎక్కడుందో నేను ముందుగా చెప్పలేదు.

ఆనాటి నుంచి ప్రతి సభకు ముందు ఆ గీతను వక్తలకు వివరిస్తాను. మాజీ సైనికులనూ, వారి ఇంటివారినీ ముందే కలిసి విషయం చెప్పి, ఇష్టమైతేనే రమ్మంటాను. చర్చ జరుగుతున్నంతసేపు వారిని సాక్షులుగా వాడుకోను. సైనికుల కుటుంబాలు ఎప్పుడూ కొనసాగింపు వైపే ఉంటాయని అనుకోవడం కూడా పొరపాటే. 1997 ఫిబ్రవరి 4న రెండు సైనిక హెలికాప్టర్లు ఢీకొని 73 మంది చనిపోయాక, దక్షిణ లెబనాన్ నుంచి సైన్యాన్ని రప్పించాలని ఇజ్రాయెల్‌లో ఉద్యమం నడిపింది సైనికుల తల్లులే. 2000 మే నెలలో సైన్యం అక్కడినుంచి వైదొలగింది.

సమయం విషయంలో పెద్దగా చెప్పేది లేదు. పక్షానికి ముగ్గురు, మొదటి విడతలో ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు, ఆ నేల మనుషుల ప్రశ్నలకు ఇరవై నిమిషాలు, రెండో విడతలో మూడేసి నిమిషాలు చాలు. ఎవరు ఏ పక్షమో మూడు రోజుల ముందు చీటీ తీసి చెప్పండి. అప్పటిదాకా అందరూ రెండు వైపులా చదవాలి. న్యాయనిర్ణేతల్లో ఒకరు ఒడియా మాతృభాషగా ఉండి తెలుగు తెలిసినవారైతే మరీ మంచిది. మనం అలవాటుపడి వినిపించుకోని తప్పులు వారికి వినిపిస్తాయి. చప్పట్ల మీద, చేతులెత్తే ఓటు మీద గెలుపు తేల్చకండి. రెండో విడతలో ప్రతి వక్తా ముందుగా ఎదుటి పక్షపు బలమైన వాదనను, ఎదుటివారు అవునని ఒప్పుకునేలా, ఒక నిమిషంలో చెప్పాలి. అది సరిగా చెప్పలేకపోతే మిగతా రెండు నిమిషాలకు సగం మార్కులే.

ఇప్పుడు సాగుతున్న సంఘర్షణలను తొలి చర్చకు తీసుకోకండి. 1967 నుంచి ఇజ్రాయెల్ ఆధీనంలో ఉన్న పాలస్తీనా ప్రాంతాల గురించి 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం, అక్కడ దాని ఉనికి చట్టవిరుద్ధమని, వీలైనంత త్వరగా ముగించాలని సలహా అభిప్రాయం ఇచ్చింది. నాలుగో జెనీవా ఒప్పందంలోని స్థిరనివాసాల నిషేధం ఎంత ముఖ్యమో తెలుసుకోవడానికి దానిని చదివించాలి. కానీ తేదీ కట్టుకు వీలులేని చోట, ప్రతి ఉదయం కొత్త చావు వార్తలు వస్తున్న చోట, రెండు మూడు చర్చలు చేసి కుదురు వచ్చిన పిల్లలే నిలబడగలరు.

తీర్పు చెప్పాక తేదీ కట్టు విప్పండి. సభాధ్యక్షులు లేచి, ఆ తర్వాత జరిగింది వ్యాఖ్యానం లేకుండా చదవాలి. ఇరాక్ అయితే: 2007 చివరి నెలల నుంచి హింస తగ్గింది. 2008 నవంబర్‌లో సైన్యం 2011 చివరికల్లా వెళ్లిపోవాలని రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. 2011 డిసెంబర్ 18న చివరి వాహనాలు కువైట్‌లోకి దాటాయి. 2014 జూన్‌లో మోసుల్ నగరం ఇస్లామిక్ స్టేట్ చేతిలోకి పోయింది, ఆ ఏడాదే అమెరికా సైనికులు మళ్లీ వచ్చారు. ఇది విన్నాక రెండు పక్షాలూ తామే గెలిచామనుకుంటాయి. అప్పుడు వక్తలందరినీ ఒక్కొక్కరుగా పిలిచి, ఆ తేదీ నాడు తెలిసినదానితోనే మళ్లీ మాట్లాడమంటే ఏ ఒక్క వాక్యాన్ని మారుస్తారో చెప్పమనండి. చివరగా ఆ నేల మనుషులుగా కూర్చున్న ఇద్దరినీ, తమ మూడు ప్రశ్నల్లో దేనికి జవాబు రాలేదో చెప్పమనండి. అది కాగితం మీద రాసి పెట్టుకోండి, వచ్చే ఏడాది తీర్మానానికి అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.